మయన్మార్ ప్రజా తిరుగుబాటు: తరచుగా అడిగే ప్రశ్నలు

మిజోరం, మణిపూర్ దాటితే మయన్మార్. మనతో 1,600 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉన్న దేశం. అక్కడ 2021 నుంచి జనం సైనిక పాలన మీద పోరాడుతూనే ఉన్నారు. మన టీవీల్లో మాత్రం ఆ దేశం పేరు వినపడేది భూకంపం వచ్చినప్పుడో, మనవాళ్లు స్కామ్ సెంటర్లలో ఇరుక్కున్నప్పుడో. ఈ పోరాటం గురించి మాట్లాడిన ప్రతిసారీ దాదాపు ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి. జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. నేను ఎటువైపో ముందే చెప్పేస్తాను: ఆ జనం వైపు. అలాగని వాళ్ల వైపు జరిగిన తప్పుల్ని దాచే ఉద్దేశం లేదు.

బర్మా, మయన్మార్ ఒకటేనా?

ఒకటే. 1989లో అప్పటి సైనిక ప్రభుత్వం పేరు మార్చింది. రంగూన్ కూడా అప్పుడే యాంగోన్ అయ్యింది.

2021 ఫిబ్రవరి 1న ఏం జరిగింది?

2020 నవంబర్ 8న సాధారణ ఎన్నికలు జరిగాయి. పోలింగ్ జరిగిన 476 సీట్లలో, అప్పటి ప్రభుత్వాన్ని నడిపిస్తున్న ఆంగ్ సాన్ సూచీ పార్టీ ఎన్‌ఎల్‌డీకి 396 వచ్చాయి. సైన్యం అండ ఉన్న పార్టీకి 33. కొత్త పార్లమెంటు ఫిబ్రవరి 1న కొలువుదీరాలి. ఆ రోజు తెల్లవారుజామునే సైన్యం సూచీని, దేశాధ్యక్షుడు విన్ మింట్‌ను, ఇతర నాయకులను పట్టుకుపోయింది. సైన్యాధిపతి మిన్ ఆంగ్ హ్లయింగ్ అధికారం తన చేతిలోకి తీసుకున్నాడు.

సూచీ మీద మొదట పెట్టిన కేసు ఏమిటో తెలుసా? అనుమతి లేకుండా వాకీటాకీలు దిగుమతి చేసుకున్నారట. అధ్యక్షుడి మీద కేసు, ఎన్నికల ప్రచారంలో కోవిడ్ నిబంధనలు ఉల్లంఘించారని.

ఎన్నికల్లో మోసం జరిగిందని సైన్యం అంది కదా?

అంది. ఓటర్ల జాబితాల్లో తప్పులు లేకపోలేదు. కానీ ఫలితాన్ని తారుమారు చేసేంత మోసం ఎక్కడా కనపడలేదని స్వదేశీ పరిశీలకులూ చెప్పారు, విదేశీ పరిశీలకులూ చెప్పారు. 396కీ 33కీ మధ్య ఉన్న తేడా జాబితాల్లో తప్పుల వల్ల వచ్చేది కాదు.

అసలు సైన్యానికి అప్పటికే అన్నీ ఉన్నాయి. వాళ్లు రాయించుకున్న 2008 రాజ్యాంగం ప్రకారం పార్లమెంటులో నాలుగో వంతు సీట్లు యూనిఫాం వాళ్లవే. రక్షణ, హోం, సరిహద్దు వ్యవహారాల శాఖలు వాళ్లవే. రాజ్యాంగం మార్చాలంటే 75 శాతం దాటి ఓట్లు కావాలి, అంటే సైన్యం ఒప్పుకోకుండా ఒక్క అక్షరం కదలదు. రత్నాల గనుల నుంచి బ్యాంకుల దాకా సైన్యానికి సొంత వ్యాపార సామ్రాజ్యమే ఉంది. అన్నీ ఉండి ఎందుకు చేశారంటే, నాకు తోచిన కారణాలు రెండు. మిన్ ఆంగ్ హ్లయింగ్‌కు 2021 జూలైలో 65 ఏళ్లు నిండుతాయి, రిటైర్ కావాలి. అధ్యక్షుడు కావాలన్న ఆయన ఆశకు ఆ ఎన్నికలు గండి కొట్టాయి. రెండోది, 2015లో, 2020లో వరసగా రెండుసార్లు జనం తమను అంత ఘోరంగా తిరస్కరించడాన్ని ఆ జనరల్స్ తట్టుకోలేకపోయారు.

జనం ఎలా ఎదురుతిరిగారు?

గిన్నెలతో మొదలైంది. ఫిబ్రవరి 2 రాత్రి 8 గంటలకు యాంగోన్‌లో ఇళ్ల బాల్కనీల్లోకి వచ్చి గిన్నెలు, పళ్లేలు, మూకుళ్లు గరిటెలతో వాయించారు. ఇంట్లోంచి దుష్టశక్తుల్ని తరమడానికి అలా చప్పుడు చేయడం అక్కడి ఆచారం. ఆ తర్వాత రాత్రి రాత్రికీ అది ఊరూరా పాకింది.

మర్నాడు డాక్టర్లు విధులు మానేశారు. చొక్కాకు ఎర్ర రిబ్బను పెట్టుకుని, సైనిక ప్రభుత్వం కింద పనిచేయబోమన్నారు. వాళ్ల వెనక టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇంజనీర్లు, కరెంటు ఆఫీసు వాళ్లు. దీన్నే సీడీఎం అన్నారు, అంటే సహాయ నిరాకరణ. జీతం పోతుందని తెలిసి చేశారు. యాంగోన్‌లోని మహ్లవాగోన్ రైల్వే క్వార్టర్స్‌లో సమ్మె చేస్తున్న ఉద్యోగుల మీదకు మార్చి 10న పోలీసులు, సైనికులు వెళ్లారు. ఆ కుటుంబాలు ఉన్నపళాన ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ప్రభుత్వ క్వార్టర్స్‌లో పెరిగినవాళ్లకు దీని బరువు వేరే చెప్పక్కర్లేదు. ఉద్యోగంతో పాటు పిల్లల బడి, ఇరుగుపొరుగు, తలదాచుకునే చోటు అన్నీ ఒక్కరోజులో పోతాయి.

ఫిబ్రవరి 22న దేశమంతా సార్వత్రిక సమ్మె జరిగింది. లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. 1988 ఆగస్టు 8న జరిగిన పెద్ద తిరుగుబాటును ‘నాలుగు ఎనిమిదులు’ అని వాళ్లు తలుచుకుంటారు. అలాగే దీనికి ‘ఐదు రెండ్లు’ అని పేరు పెట్టుకున్నారు.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. ఆడవాళ్ల లుంగీని అక్కడ తమెయిన్ అంటారు. ఆరేసిన తమెయిన్ కింద నుంచి నడిస్తే మగవాడి తేజస్సు పోతుందని పాతకాలపు నమ్మకం. మార్చిలో ఆడవాళ్లు ఆ లుంగీలను వీధికి అడ్డంగా తాళ్లమీద ఆరేశారు. తుపాకులతో వచ్చిన సైనికులు ముందు ఆగి, వాటిని తీసి పక్కన పడేశాకే కదిలారు. తరతరాలుగా తమను తక్కువ చేసిన నమ్మకాన్నే వాళ్లు వీధికి కాపలా పెట్టారు. ఆ తెలివికీ, ఆ ధైర్యానికీ నేను చెయ్యెత్తి మొక్కుతాను.

సైన్యం ఏం చేసింది?

ఫిబ్రవరి 4న ఫేస్‌బుక్ ఆపేసింది, తర్వాత రాత్రిళ్లు ఇంటర్నెట్ కట్ చేసింది. ఆ కటిక చీకట్లో ఇంటింటికీ వెళ్లి అరెస్టులు. ఆపైన తుపాకులు. మార్చి 3న మాండలేలో క్యాల్ సిన్ అనే 19 ఏళ్ల అమ్మాయిని కాల్చి చంపారు. టైక్వాండో ఆడేది. అంతకు ముందు నవంబర్లోనే జీవితంలో మొదటి ఓటు వేసింది. ఆ రోజు వేసుకున్న నల్ల టీషర్టు మీద ‘అంతా బాగుంటుంది’ అని ఇంగ్లిష్‌లో రాసి ఉంది. తనకేమైనా అయితే అవయవాలు దానం చేయమని, తన బ్లడ్ గ్రూప్ ఇదీ అని ముందే రాసిపెట్టుకుంది. అంత్యక్రియలు జరిగిన మర్నాడే అధికారులు సమాధి తవ్వించి శవాన్ని బయటికి తీశారు. పోలీసు బుల్లెట్ కాదని చెప్పుకోవడానికి.

మార్చి 14న యాంగోన్ శివారు హ్లయింగ్ తాయాలో, గార్మెంట్ ఫ్యాక్టరీల కూలీలు ఉండే చోట, పదుల సంఖ్యలో చనిపోయారు. మార్చి 27న, సైనిక దినోత్సవం రోజున, దేశం మొత్తం మీద వంద మందికి పైగా. ఏప్రిల్ 9న బాగో పట్టణంలో 80 మందికి పైగా. రాజకీయ ఖైదీల సహాయ సంఘం పేరుపేరునా లెక్కపెడుతూ వస్తోంది. 2025 మొదటికే ఆ లెక్క 6,000 దాటింది. ఊరుపేరు, చావు తీరు నిర్ధారించుకున్నవాళ్లే ఆ లెక్కలో ఉన్నారు, కాబట్టి అసలు సంఖ్య ఎక్కువే ఉంటుంది.

శాంతియుతంగా మొదలైన ఉద్యమం తుపాకీ ఎందుకు పట్టింది? అహింసతో సాధించలేకపోయారా?

అందరికంటే ఎక్కువగా మనవాళ్లే అడిగే ప్రశ్న ఇది. గాంధీని కన్న దేశం కాబట్టి అడుగుతాం. కానీ మనం గాంధీ జయంతితో పాటు అల్లూరి సీతారామరాజు జయంతి కూడా చేసుకుంటాం. రంప కొండల్లో ఆయన పోలీసు స్టేషన్లు ఎందుకు దోచాడో మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

మయన్మార్ జనం అహింసను ఒక్క వారమో రెండు వారాలో ప్రయత్నించి వదిలేయలేదు. 1988లో విద్యార్థులు నడిచారు, వేలల్లో చనిపోయారు. 1990లో ఎన్నికలు గెలిచారు, సైన్యం అధికారం ఇవ్వలేదు. 2007లో బౌద్ధ భిక్షువులు భిక్షాపాత్రలు బోర్లించి, సైనికుల దగ్గర భిక్ష తీసుకోబోమని వీధుల్లో నడిచారు. వాళ్లనూ కొట్టారు, మఠాల్లోంచి ఈడ్చుకెళ్లారు. 2015లో, 2020లో ఓటు వేశారు. 2021లో గిన్నెలు వాయించారు, పాటలు పాడారు, ఉద్యోగాలు వదిలారు. ఎదురుగా నిలబడ్డ సైన్యం తలకు గురిపెట్టి కాల్చింది. ఇంకేం మిగిలింది?

నగరాల కుర్రాళ్లు, వాళ్లలో డాక్టర్లు, విద్యార్థులు, కవులు కూడా ఉన్నారు, అడవుల్లోకి వెళ్లారు. కరెన్, కచిన్, కరెన్ని ప్రాంతాల్లో దశాబ్దాలుగా సైన్యంతో పోరాడుతున్న సాయుధ దళాల దగ్గర శిక్షణ తీసుకున్నారు. చిన్ రాష్ట్రంలోని మిండాట్‌లో గ్రామస్తులు వేటకు వాడే నాటు తుపాకులతోనే సైన్యాన్ని ఎదుర్కొన్నారు. 2021 ఏప్రిల్‌లో గెలిచిన ఎంపీలు, జాతుల ప్రతినిధులు కలిసి జాతీయ ఐక్యతా ప్రభుత్వం ఏర్పాటు చేశారు. మేలో ప్రజా రక్షణ దళాలు వచ్చాయి. సెప్టెంబర్ 7న ఆ ప్రభుత్వం రక్షణ యుద్ధం ప్రకటించింది.

తప్పులూ చెప్పాలి. ఇన్ఫార్మర్లన్న అనుమానంతో ప్రజా రక్షణ దళాల పేరుతో సామాన్యుల్ని చంపిన సంఘటనలు ఉన్నాయి. సైన్యం నియమించిన వార్డు అధికారుల్ని ఇళ్ల దగ్గరే కాల్చారు. ఇది సమర్థించలేను. అయితే ఒకవైపు నాటు తుపాకులు, డ్రోన్లు, ఇంకోవైపు యుద్ధ విమానాలు ఉన్నప్పుడు ‘రెండు వైపులా హింస’ అని ఒక్క గాటన కట్టడం కూడా నిజం కాదు. 2023 ఏప్రిల్ 11న సగైంగ్ ప్రాంతంలోని పజిజీ గ్రామంలో ఒక ఆఫీసు ప్రారంభానికి జనం పోగైతే పై నుంచి బాంబులు వేశారు. 160 మందికి పైగా చనిపోయారు, పిల్లలతో సహా.

ఇదంతా సూచీ అభిమానుల గొడవే కదా? రోహింగ్యాల విషయంలో ఆవిడ ఏం చేసిందో చూశాంగా?

చూశాం. 2017లో సైన్యం దాడులకు ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్ పారిపోయారు. 2019 డిసెంబర్లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి సూచీ స్వయంగా వెళ్లి దేశం తరఫున, అంటే ఆ సైన్యం చేసిన పనుల తరఫున, వాదించారు. ఏడాది తిరిగాక అదే సైన్యం ఆవిడను జైల్లో పెట్టింది. అన్ని కేసులూ కలిపి 33 ఏళ్లు వేసి, తర్వాత 27కు తగ్గించారు.

బయటివాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. పశ్చిమ దేశాలు ముందు ఆవిడను దేవతను చేశాయి, తర్వాత ఆవిడ మీద కోపంతో మొత్తం దేశాన్నే వదిలేశాయి. ఐదున్నర కోట్ల మంది జనం ఒక్క మనిషి ముఖం వెనక కనపడకుండా పోయారు. 2021లో వీధుల్లోకి వచ్చిన కుర్రకారులో చాలామందికి ఆవిడ అంటే గౌరవం ఉంది, కానీ వాళ్లు అడిగింది పాత ప్రభుత్వాన్ని తిరిగి తెమ్మని మాత్రమే కాదు. 2008 రాజ్యాంగాన్నే రద్దు చేయాలన్నారు, ఫెడరల్ వ్యవస్థ కావాలన్నారు. రోహింగ్యాల విషయంలో తాము మౌనంగా ఉన్నందుకు క్షమాపణ చెబుతూ మెజారిటీ జాతి అయిన బమా యువకులు ప్లకార్డులు పట్టుకున్నారు. 2021 జూన్‌లో ఐక్యతా ప్రభుత్వం రోహింగ్యాలకు పౌరసత్వం ఇస్తామని ప్రకటించింది. సూచీ ప్రభుత్వం ఆ పేరు పలకడానికే ఇష్టపడేది కాదు.

అంతా మారిపోయిందని చెప్పను. రోహింగ్యాలు ఉండే రఖైన్ రాష్ట్రంలో సైన్యం మీద గెలుస్తూ వచ్చిన సాయుధ దళం అరకాన్ ఆర్మీ మీద 2024లో రోహింగ్యాలను చంపారన్న ఆరోపణలు వచ్చాయి. ఆ ప్రజలకు ఇప్పటికీ ఏ వైపూ నిలకడైన భరోసా లేదు.

దీని వెనక విదేశీ హస్తం ఉందని వాట్సాప్‌లో చదివాను. నిజమేనా?

ఎక్కడ జనం వీధుల్లోకి వచ్చినా ఈ మాట వస్తుంది. సొంత బుద్ధితో ఎవరూ కోపం తెచ్చుకోలేరు, ఎవరో వెనక ఉండి ఆడిస్తేనే లేస్తారు అన్నది దీని అర్థం. ఆ జనాన్ని ఇంతకన్నా అవమానించే మాట లేదు.

ఆయుధాలు ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వెళ్లాయో చూద్దాం. 2023 మేలో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక నివేదకుడు టామ్ ఆండ్రూస్ ఒక నివేదిక ఇచ్చారు. 2021 సైనిక కుట్ర తర్వాత మయన్మార్ సైన్యం 100 కోట్ల డాలర్ల విలువైన ఆయుధాలు, విడిభాగాలు, సామగ్రి తెప్పించుకుంది. రష్యా నుంచి 40 కోట్ల డాలర్లకు పైగా, చైనా నుంచి 26 కోట్లకు పైగా, సింగపూర్ కంపెనీల నుంచి 25 కోట్లు. భారత్ నుంచి 5 కోట్ల డాలర్లవి. విదేశీ హస్తం గురించి బెంగపడేవాళ్లు ముందు ఈ లెక్క చూడాలి.

మరి తిరుగుబాటుదారుల సంగతి? అమెరికా 2022 డిసెంబర్లో బర్మా చట్టం చేసింది, అందులో ఉన్నది ఆయుధాలు కాని సాయం మాత్రమే. విమానాలను కూల్చే ఆయుధాలు ఇవ్వమని వీళ్లు ఏళ్ల తరబడి అడిగినా ఎవరూ ఇవ్వలేదు. డబ్బు ఎక్కువగా సొంతంగా పోగేసుకున్నదే. లాటరీ టికెట్లు అమ్మారు, బాండ్లు అమ్మారు. థాయ్‌లాండ్, సింగపూర్, కొరియాల్లో కూలికి, నౌకరీకి వెళ్లినవాళ్లు నెలనెలా పంపారు. తుపాకీ భాగాలు త్రీడీ ప్రింటర్ మీద చేసుకున్నారు. వ్యవసాయానికి వాడే డ్రోన్లకు బాంబులు కట్టారు. గూఢచారి సంస్థలు నడిపే ఉద్యమాలకు ఈ తిప్పలు ఉండవు.

చైనా సైన్యం వైపా, జనం వైపా?

చైనా వైపే. పైప్‌లైన్లు, రేవులు, సరిహద్దు వాణిజ్యం భద్రంగా ఉంటే చాలు. 2023 అక్టోబర్ 27న మూడు సాయుధ దళాలు కలిసి ఉత్తర షాన్‌లో పెద్ద దాడి మొదలుపెట్టినప్పుడు చైనా చూసీచూడనట్టు ఊరుకుంది. సరిహద్దులో చైనా పౌరుల్ని దోచే స్కామ్ సెంటర్లను సైన్యం మూయించకపోవడం మీద దానికి కోపం. 2024 ఆగస్టులో లాషియో నగరం, అక్కడి ప్రాంతీయ సైనిక కేంద్రం సైన్యం చేజారిపోయేసరికి భయపడింది. సరిహద్దు మూసింది, ఒత్తిడి పెట్టింది. 2025 ఏప్రిల్లో లాషియో మళ్లీ సైన్యం చేతికి వచ్చింది.

ఐక్యరాజ్యసమితి ఏం చేసింది?

తీర్మానాలు. 2021 ఫిబ్రవరి 27న యాంగోన్‌లో ఒక నెట్‌వర్క్ ఇంజనీర్ ఫేస్‌బుక్‌లో ఒక ప్రశ్న పెట్టాడు. ఐక్యరాజ్యసమితి కదలాలంటే ఇంకా ఎన్ని శవాలు కావాలి అని. మర్నాడు అతన్ని కాల్చి చంపారు. 23 ఏళ్లు. తర్వాత ఆ ప్రశ్న దేశమంతా అట్టముక్కల మీద కనిపించింది.

జూన్‌లో సర్వప్రతినిధి సభ 119 ఓట్లతో కుట్రను ఖండించింది. వ్యతిరేకించింది బెలారస్ ఒక్కటే. 36 దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. భద్రతా మండలి మొదటి తీర్మానం చేయడానికి 2022 డిసెంబర్ 21 దాకా పట్టింది. అందులో కూడా ఆయుధాల నిషేధం లేదు. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ 2021 ఏప్రిల్లో ఐదు అంశాల ఒప్పందం చేసింది. మొదటి అంశం హింస ఆపడం. మిన్ ఆంగ్ హ్లయింగ్ జకార్తా వచ్చి తలూపి, ఇంటికి వెళ్లి దాన్ని పక్కన పెట్టేశాడు.

మెచ్చుకోవాల్సింది ఒక్కటి. ఐరాసలో మయన్మార్ రాయబారి క్యా మో తున్ 2021 ఫిబ్రవరి 26న సభలో నిలబడి సైన్యాన్ని ఖండించి, ఉద్యమ గుర్తుగా మూడు వేళ్లెత్తి వందనం చేశారు. సైన్యం ఆయన్ని తీసేశామంది. ఐరాస మాత్రం ఆ కుర్చీ సైన్యానికి ఇవ్వలేదు.

భారత్ ఎటు నిలబడింది?

సర్వప్రతినిధి సభ ఓటింగ్‌లో దూరంగా ఉన్న 36 దేశాల్లో మనదీ ఒకటి. భద్రతా మండలిలో చైనా, రష్యాలతో పాటు మనమూ ఓటు వేయలేదు. 2021 మార్చి 27 సైనిక దినోత్సవ కవాతుకు ఎనిమిది దేశాలు ప్రతినిధుల్ని పంపాయి, అందులో మనమూ ఉన్నాం. ఆ కవాతు జరుగుతున్న రోజే వీధుల్లో వంద మందిని చంపారు.

ఢిల్లీ చెప్పే కారణాలు నాకు తెలుసు, వాటిని కొట్టిపారేయను. ఈశాన్యంలో మన మీద పోరాడే దళాలకు అటువైపు స్థావరాలున్నాయి. చైనా పూర్తిగా పాగా వేస్తుందన్న భయం ఉంది. మన ఈశాన్యాన్ని మయన్మార్ రేవుతో కలిపే కలదన్ ప్రాజెక్టు, భారత్-మయన్మార్-థాయ్‌లాండ్ త్రైపాక్షిక రహదారి ఉన్నాయి. మయన్మార్‌లోని ష్వే గ్యాస్ క్షేత్రంలో ఓఎన్‌జీసీ విదేశ్, గెయిల్ వాటాదారులు. కానీ కలదన్ రహదారి వెళ్లే చిన్, రఖైన్ ప్రాంతాల్లో ఎక్కువ భాగం ఇప్పుడు సైన్యం చేతిలో లేదు. నీతిని పక్కన పెట్టి లాభనష్టాలే చూసినా, పట్టు తప్పుతున్న జనరల్స్‌తోనే అంటకాగడం తెలివైన పని కాదు.

మనం ఎప్పుడూ ఇలాగే లేం. సూచీ ఢిల్లీలోని లేడీ శ్రీరామ్ కాలేజీలో చదువుకున్నారు. 1988లో భారత్ బహిరంగంగా విద్యార్థుల వైపు మాట్లాడింది, పారిపోయి వచ్చినవాళ్లకు చోటిచ్చింది. జార్జి ఫెర్నాండెజ్ తన అధికారిక నివాసంలోనే ప్రవాస బర్మా కార్యకర్తలకు నీడనిచ్చారు. తొంభైల మొదట్లో గాలి మళ్లింది.

ఇప్పుడు కూడా ఢిల్లీది ఒక తీరు, మిజోరంది ఇంకో తీరు. 2021 మార్చిలో శరణార్థుల్ని అడ్డుకోమని కేంద్ర హోం శాఖ రాస్తే, వాళ్లు మా రక్తసంబంధీకులు, వెనక్కి పంపలేమని అప్పటి ముఖ్యమంత్రి జోరంథంగా ప్రధానికి లేఖ రాశారు. 30 వేల మందికి పైగా చిన్ ప్రజలను ఆ చిన్న రాష్ట్రం అక్కున చేర్చుకుంది. చర్చిలు, యంగ్ మిజో అసోసియేషన్ వాళ్లు ఇంటింటా బియ్యం, బట్టలు పోగుచేశారు. మణిపూర్ ప్రభుత్వం అదే నెలలో శరణార్థులకు క్యాంపులు తెరవొద్దు, తిండి పెట్టొద్దు అని ఉత్తర్వు ఇచ్చి, జనం ఛీకొట్టాక మూడు రోజుల్లో వెనక్కి తీసుకుంది. ఈ రెండిట్లో ఏది మన దేశం అనిపించుకోవాలో నాకు సందేహం లేదు.

తెలుగువాళ్లకు దీంతో ఏం సంబంధం?

ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల పాతతరం వాళ్లను అడగండి. ‘రంగం వెళ్లడం’ అంటే రంగూన్ వెళ్లడమే. విశాఖ, కాకినాడ రేవుల నుంచి ఓడెక్కి వెళ్లిన మన కూలీలు రంగూన్ రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. 1930 మేలో మన రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, ఓడల కంపెనీలు బర్మా కూలీలను దింపాయి. సమ్మె అయ్యాక వాళ్లను తీసేసి మళ్లీ మనవాళ్లను పెట్టుకున్నాయి. అల్లర్లు రేగాయి, వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్లే. 1942లో జపాన్ సైన్యం వస్తుంటే లక్షల మంది భారతీయులు కొండలు, అడవులు దాటుకుంటూ నడిచి వచ్చారు. 1962లో సైన్యం పగ్గాలు పట్టి దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక ఇంకా ఎన్నో కుటుంబాలు కట్టుబట్టలతో తిరిగొచ్చాయి. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు అలా మిగిలిందే.

రాకుండా అక్కడే ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. యాంగోన్, బాగో, మౌలమైన్ వైపు తెలుగు మూలాలున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 1982 పౌరసత్వ చట్టం జనాన్ని మూడు తరగతులు చేసి గులాబీ, నీలం, ఆకుపచ్చ కార్డులు పెట్టింది. భారతీయ మూలాలున్న చాలామందికి పూర్తి పౌరసత్వపు గులాబీ కార్డు దక్కడం కష్టమైంది. ఈ ఉద్యమంలో వాళ్ల గొంతు పెద్దగా వినపడలేదని ఎవరైనా అంటే, కార్డు పోతే అడిగే దిక్కులేని మనిషి ఎంత గట్టిగా మాట్లాడగలడో ఆలోచించాలి.

మన కుర్రాళ్లు చిక్కుకున్న స్కామ్ సెంటర్లకూ దీనికీ లింకుందా?

ఉంది. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, ఏజెంట్లు మన రాష్ట్రాల కుర్రాళ్లను నది దాటించి మయన్మార్ సరిహద్దు పట్టణం మ్యావాడీ వైపు అమ్మేశారు. అక్కడి కేకే పార్క్ లాంటి చోట్లు చైనా నేరగాళ్లవి. వాటికి కాపలా కాసింది సైన్యంతో పొత్తున్న కరెన్ సరిహద్దు దళం. చట్టం లేని పాలనలో ఇలాంటివి పుట్టగొడుగుల్లా పెరుగుతాయి. 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో 500 మందికి పైగా భారతీయుల్ని వెనక్కి తెచ్చారు, వాళ్లలో ఆంధ్ర, తెలంగాణ వాళ్లూ ఉన్నారు.

కొన్ని దేశాలకు గట్టి చెయ్యి ఉండాలి, లేకపోతే ముక్కలైపోతాయి అంటారు. మయన్మార్ అలాంటిదే కాదా?

గట్టి చెయ్యి 1962 నుంచి ఉంది. దేశాన్ని కలిపి ఉంచిందా? కరెన్, కచిన్, షాన్ ప్రాంతాల్లో యుద్ధం ఆగినట్టే ఆగి మళ్లీ రాజుకుంటూ వచ్చింది. ఒకప్పుడు ప్రపంచానికి బియ్యం పంపిన దేశం 1987లో ఐరాస దగ్గర అత్యంత వెనకబడ్డ దేశాల జాబితాలో చేరింది.

అదే ఏడాది సెప్టెంబర్లో జనరల్ నే విన్ ప్రభుత్వం 25, 35, 75 చాట్ నోట్లను రాత్రికి రాత్రి రద్దు చేసింది. మార్చుకోవడానికి గడువు లేదు, బదులు డబ్బు లేదు. చలామణిలో ఉన్న డబ్బులో సగానికి పైగా చెత్తకాగితం అయిపోయింది. ఆ తర్వాత కొత్తగా 45, 90 చాట్ నోట్లు తెచ్చారు. తొమ్మిదితో భాగించబడే అంకెలు ఆయనకు అచ్చొచ్చినవట. పిల్లల ఫీజు కోసం, పెళ్లి కోసం దాచుకున్న డబ్బు పోయినవాళ్లే మరుసటి ఏడాది వీధుల్లోకి వచ్చారు. ఏటీఎం లైన్లలో నిలబడ్డ మనకు ఆ కోపం కొంతైనా అర్థం కావాలి.

గట్టి చెయ్యి కావాలి అనేవాళ్లు ఎప్పుడూ ఆ చెయ్యి ఇంకొకడి గొంతు మీద ఉంటుందనే అనుకుంటారు.

2025 డిసెంబర్లో ఎన్నికలు పెట్టారుగా? ఇక సర్దుకున్నట్టేనా?

2025 డిసెంబర్ 28 నుంచి దఫాలుగా పెట్టారు. ఎన్‌ఎల్‌డీని 2023లోనే రద్దు చేశారు. అప్పటికి సూచీ నిర్బంధంలోనే ఉన్నారు. దేశంలో చాలా భాగం సైన్యం చేతిలో లేదు కాబట్టి అక్కడ పోలింగే లేదు. ఎన్నికలను విమర్శించినా జైలు అని చట్టం తెచ్చారు. గెలిచిన పార్టీ లేకుండా జరిపిన పోటీలో సైన్యం పార్టీ గెలవడం వార్త కాదు.

ఈలోగా 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టం అమల్లోకి తెచ్చారు. 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లు, 18 నుంచి 27 ఏళ్ల ఆడవాళ్లు దాని కిందికి వస్తారు. యాంగోన్‌లో పాస్‌పోర్ట్, వీసా ఆఫీసుల ముందు కుర్రాళ్లు బారులు తీరారు. తాము ఎదిరించిన సైన్యంలోనే చేరి తమవాళ్ల మీదే తుపాకీ పట్టాల్సిన గతి వాళ్లది. 2025 మార్చి 28న మాండలే, సగైంగ్‌లను భూకంపం కూల్చి మూడు వేల మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత కూడా వైమానిక దాడులు ఆగలేదు. అయినవాళ్లను శిథిలాల్లోంచి తీస్తున్నవాళ్లు నెత్తిమీద విమానం చప్పుడు కోసం చెవులు రిక్కించి ఉన్నారు. సర్దుకుంది అనే మాట నా నోట రాదు.

అక్కడి వార్తలు ఎక్కడ చదవాలి?

ఇరావడీ, మయన్మార్ నౌ, మిజ్జిమా, డీవీబీ. ఇవన్నీ స్వదేశీ విలేకరులు నడిపేవే, ఇంగ్లిష్‌లోనూ దొరుకుతాయి. వీటి లైసెన్సులను సైన్యం 2021లోనే రద్దు చేయడమో, ఆఫీసుల మీద పడడమో చేసింది. ఇప్పుడు సరిహద్దుల అవతల నుంచి, అజ్ఞాతంలో నుంచి పనిచేస్తున్నాయి. మిజ్జిమా పుట్టింది 1998లో మన ఢిల్లీలోనే. వీళ్లూ ఒక పక్షం వాళ్లే, ఆ సంగతి గుర్తుపెట్టుకునే చదవండి. కానీ ఊరి పేరు, తేదీ, చనిపోయినవాళ్ల వయసులు రాస్తారు, తప్పయితే దిద్దుకుంటారు. మిజోరం పత్రికలు కూడా చూడండి, సరిహద్దు ఊళ్ల సంగతులు వాటిలో ముందు వస్తాయి. వీడియో ఎక్కడిదో, ఎప్పటిదో తెలియకపోతే ఫార్వర్డ్ చేయకండి, అది జనానికి అనుకూలమైనదైనా సరే. అందులో ముఖాలు కనిపిస్తుంటే అసలు చేయొద్దు. ఇలాంటి ఫొటోలు పట్టుకునే ఇళ్ల మీదకు వెళ్లి అరెస్టులు చేశారు.